ఇంటిలో కాఫీ నిల్వ, తయారీ: అరకు గింజ నుండి మహబూబాబాద్ వంటగది వరకు

ఉపోద్ఘాతం

పంట నాణ్యతకు సంబంధించిన విస్తరణ కృషి సాధారణంగా పొలంలో మొదలై మార్కెట్ యార్డులో ముగుస్తుంది. ధాన్యం, మొక్కజొన్న, పత్తి వంటి పంటలకు ఇది చాలావరకు సరిపోతుంది. కాఫీకి మాత్రం సరిపోదు. రైతు పండించిన రుచి వినియోగదారుని వంటగదిలో నీటితో కలిసిన తరువాతనే బయటపడుతుంది. పండు కోసిన చేతి నుండి డికాక్షన్ దించే చేతి వరకు సాగే ఈ గొలుసులో చివరి లంకె తెగిపోతే, అంతకు ముందరి లంకెలు ఎంత గట్టివైనా ప్రయోజనం ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరుచుకుంది. ఈ పేరుప్రతిష్ఠల వల్ల రైతుకు కలిగే మేలు ఒక్క విషయంపై ఆధారపడి ఉంది. అది, మంచి కాఫీకి కొంత ఎక్కువ ధర చెల్లించిన వినియోగదారుడు ఆ మంచిని కప్పులో గుర్తించగలగడం. గుర్తించలేకపోతే రెండవసారి ఆ ధర చెల్లించడు.

మహబూబాబాద్ జిల్లా కాఫీ పండే ప్రాంతం కాదు. అరబికాకు కావలసిన ఎత్తు, చల్లదనం ఇక్కడ లేవు. టీ ప్రధాన పానీయంగా ఉన్న ఈ జిల్లాలో కాఫీ తాగేవారు తక్కువే అయినా, కాఫీ పొడి నిల్వకు ఇది కఠినమైన పరీక్షాస్థలం. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం, వానాకాలంలో గాలి తేమతో నిండి ఉండడం, బోరు నీటిలో లవణాలు అధికంగా ఉండడం అనే మూడు పరిస్థితులూ ఇక్కడ కలిసి వస్తాయి. ఇటువంటి చోట కాఫీని ఎలా కాపాడాలి, ఎలా తయారు చేయాలి, వాటి వెనుక ఉన్న కారణాలేమిటి అన్నది ఈ వ్యాసంలోని విషయం.

గింజలో నిక్షిప్తమైన శ్రమ

మన్యంలో కాఫీ సుమారు 900 నుండి 1100 మీటర్ల ఎత్తులో, సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడలో, మిరియపు తీగల తోడుగా పెరుగుతుంది. చల్లని వాతావరణంలో కాయ నెమ్మదిగా పండడం వల్ల గింజ గట్టిపడి, చక్కెరలు, ఆమ్లాలు సమపాళ్ళలో చేరతాయి. ఎర్రగా పండిన కాయలను ఏరి కోయడం, అదే రోజు పైతొక్క తీయడం, జిగురు పోయేలా పులియబెట్టి కడగడం, నేలకు తగలకుండా ఆరబెట్టడం అనే దశలన్నీ సక్రమంగా జరిగితేనే గింజకు మంచి రుచి వస్తుంది. ఆరిన గింజలో తేమ 10 నుండి 12 శాతం మధ్య ఉండాలి. అంతకంటె ఎక్కువైతే బూజు పట్టి, ఓక్రాటాక్సిన్ వంటి విషపదార్థాలు ఏర్పడే ప్రమాదం ఉంది. తేమ మిగిలిన మిరపకాయలో, మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ పెరగడాన్ని గమనించిన మహబూబాబాద్ రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు.

ఇలా ఆరిన పచ్చి గింజ స్థిరమైన పదార్థం. పొడిగా, చల్లగా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. వేయించిన క్షణం నుండి పరిస్థితి తారుమారవుతుంది. 200 డిగ్రీలు దాటిన వేడిలో గింజ తన బరువులో సుమారు 15 నుండి 20 శాతం కోల్పోతుంది. తేమ దాదాపు పూర్తిగా ఆవిరవుతుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు పరస్పరం చర్య జరిపి వందల సంఖ్యలో సువాసన పదార్థాలను పుట్టిస్తాయి. గింజ ఉబ్బి, లోపల సూక్ష్మరంధ్రాలు ఏర్పడి, వాటిలో కార్బన్ డై ఆక్సైడ్ వాయువు చిక్కుకుంటుంది. గట్టి విత్తనం పెళుసైన స్పంజు వంటి పదార్థంగా మారుతుంది. స్పంజు వలెనే అది చుట్టుపక్కల తేమను, వాసనలను పీల్చుకొనే స్వభావాన్ని కూడా సంతరించుకుంటుంది. కనుక కాఫీ వయస్సును పంట కోసిన తేదీ నుండి గాక, వేయించిన తేదీ నుండి లెక్కించాలి.

కాఫీ పాతబడడం అంటే ఏమిటి?

పాతబడిన కాఫీ సాధారణంగా ఆరోగ్యానికి హాని చేయదు. కాని, కొన్నప్పటి సరుకుగా మాత్రం మిగలదు. ఇందులో రెండు మార్పులు ఏకకాలంలో జరుగుతాయి. ఒకటి, సువాసన పదార్థాలు గాలిలోకి ఎగిరిపోవడం. రెండవది, మిగిలిన సువాసన పదార్థాలు, నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేరే వాసనలుగా మారడం. అరబికా గింజలో నూనె సుమారు 15 శాతం, రోబస్టాలో సుమారు 10 శాతం ఉంటుంది. పాత పల్లీలలో, ఎక్కువ కాలం నిల్వ చేసిన అప్పడాలలో వచ్చే ముక్కిన వాసనకు కారణమైన ఆక్సీకరణమే ఇక్కడా పనిచేస్తుంది.

ఈ మార్పులను వేగవంతం చేసేవి ఆక్సిజన్, తేమ, వేడి, వెలుతురు. వీటి ప్రభావం సమానం కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కార్డెల్లి, లబూజా 2001లో ప్రచురించిన అధ్యయనంలో, పొడి చేసిన కాఫీ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను మామూలు గాలి స్థాయి నుండి అత్యల్ప స్థాయికి తగ్గించినప్పుడు నిల్వ కాలం సుమారు 20 రెట్లు పెరిగినట్లు తేలింది. తేమ పెరగడం వల్ల కూడా నిల్వ కాలం గణనీయంగా తగ్గింది. వేడి ప్రభావం ఉన్నా, అది ఆక్సిజన్ ప్రభావంతో పోల్చదగినది కాదు. వేసవి ఎండలకు భయపడి పొడిని ఫ్రిజ్‌లో దాచి, మూత మాత్రం వదులుగా ఉంచే అలవాటు ఎంతవరకు సమంజసమో ఈ ఫలితాన్ని బట్టి ఊహించవచ్చు. చిన్న శత్రువును ఆపి పెద్ద శత్రువుకు తలుపు తెరిచినట్లవుతుంది.

పొడి చేయడం నాణ్యతకు తగిలే మరో పెద్ద దెబ్బ. ఒక పదార్థాన్ని ముక్కలు చేసినప్పుడు, ముక్క పరిమాణం ఎన్ని రెట్లు తగ్గితే అదే బరువుకు ఉపరితలం అన్ని రెట్లు పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల గింజను అర మిల్లీమీటరు రేణువులుగా విసిరితే గాలికి తగిలే బయటి ఉపరితలం సుమారు 12 రెట్లవుతుంది. గింజలో చిక్కుకొని, కొంతమేరకు ఆక్సిజన్‌ను బయటకు నెట్టుతూ రక్షణగా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ కూడా విసిరిన కొద్ది నిమిషాలలోనే చాలావరకు వెళ్ళిపోతుంది. గింజగా కొన్ని వారాలు నిలిచే సువాసన, తెరిచిన పొడిలో కొన్ని రోజులకే సన్నగిల్లడానికి కారణమిదే.

నిల్వ: ఏమి చేయాలి, ఎందుకు చేయాలి?

మొదటి సూత్రం, అవసరానికి మించి కొనకపోవడం. ఒక కప్పు ఫిల్టరు కాఫీకి 8 నుండి 10 గ్రాముల పొడి అవసరం. ఇద్దరు రోజుకు రెండుసార్లు తాగే ఇంటికి రోజుకు 32 నుండి 40 గ్రాములు పడుతుంది. 250 గ్రాముల ప్యాకెట్టు ఆరు నుండి ఎనిమిది రోజులలో అయిపోతుంది. ఒక్కరే రోజుకు ఒక కప్పు తాగే ఇంటిలో అదే ప్యాకెట్టు 25 రోజులు సాగుతుంది. ఆ చివరి పది రోజులూ తాగేది పాత కాఫీయే. అటువంటి ఇంటికి 100 గ్రాముల ప్యాకెట్టు, లేదా గింజలుగా కొని ఏ రోజుకారోజు విసురుకోవడం మేలు. అరకు విహారయాత్రలో కిలోల కొద్దీ పొడి కొని తెచ్చి ఏడాది పాటు వాడడం, ఆ కాఫీకి గాని పండించిన రైతుకు గాని న్యాయం చేయదు.

రెండవ సూత్రం, డబ్బాలో గాలి తక్కువగా ఉంచడం. మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బా లేదా ముదురు రంగు గాజు సీసా మంచిది. డబ్బా పరిమాణం పొడికి తగినంతే ఉండాలి. పెద్ద డబ్బాలో అడుగున కొద్దిపాటి పొడి ఉంటే, మిగిలిన చోటంతా గాలే. పొడిని దాని ప్యాకెట్టులోనే ఉంచి, పైభాగాన్ని గట్టిగా మడిచి క్లిప్పు పెట్టి, ప్యాకెట్టునే డబ్బాలో పెట్టడం సులభమైన మార్గం. కొన్ని ప్యాకెట్లపై కనిపించే చిన్న గుండ్రని రంధ్రం లోపలి వాయువును బయటకు పంపి, బయటి గాలిని లోపలికి రానీయని కవాటం. ప్యాకెట్టును నొక్కి ఆ రంధ్రం దగ్గర వాసన చూడడం అంటే కప్పులోకి రావలసిన సువాసనను ముందుగానే ఖర్చు చేయడం.

మూడవ సూత్రం, తేమను, ఇతర వాసనలను దూరంగా ఉంచడం. పొయ్యి పక్క గూడు చేతికి అందుబాటులో ఉన్నా, ఆవిరి, వేడి రెండూ అక్కడే ఎక్కువ. కారం, పసుపు, ఇంగువ, పచ్చళ్ళు ఉంచే అరలో కాఫీ పొడి ఉంచితే కొద్దిరోజులలోనే ఆ వాసనలు పట్టుకుంటుంది. తడి చెంచా పనికిరాదు. చికోరి కలిసిన పొడి మరింత సులభంగా తేమను పీల్చి గడ్డకడుతుంది. చిన్న ప్యాకెట్లలో వచ్చే ఇన్‌స్టంట్ పొడికీ ఇదే బలహీనత ఉంది. గడ్డకట్టిన పొడిలో బూజు కనిపిస్తే మొత్తం పారవేయాలి. పాత పొడి మీద కొత్త పొడి పోయకూడదు. డబ్బా గోడలకు అంటిన పాత నూనె కొత్త పొడికి ముక్కిన వాసనను అంటిస్తుంది. ప్రతిసారీ డబ్బాను కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే నింపాలి.

ఫ్రిజ్ విషయంలో ప్రత్యేక వివరణ అవసరం. వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 75 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలి సుమారు 25 డిగ్రీలకు చల్లబడగానే నీటిబిందువులను విడిచిపెడుతుంది. ఫ్రిజ్ నుండి తీసిన డబ్బా అంతకంటె ఎంతో చల్లగా ఉంటుంది. దాని మూత తెరవగానే వంటగది గాలి లోపలికి చేరి పొడి మీద చెమర్చుతుంది. రోజుకు రెండుసార్లు ఇలా జరిగితే పొడి రోజూ కొంత తడిసినట్లే. కనుక రోజువారీ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టరాదు. ఎక్కువ మొత్తం నిల్వ చేయక తప్పనప్పుడు, వారానికి సరిపడే చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. పొట్లాన్ని బయటకు తీసిన తరువాత గది వేడికి వచ్చేంత వరకు విప్పకూడదు. విప్పినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

నీరు: విస్మరించిన ముడిసరుకు

పాలు కలపని మామూలు బ్లాక్ కాఫీలో 98 శాతానికి పైగా నీరే ఉంటుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కొంతమేరకు రుచిపదార్థాలను రాబట్టడంలో తోడ్పడతాయి. బైకార్బొనేట్లు అధికమైతే కాఫీలోని సున్నితమైన ఆమ్లాలను అవి తటస్థీకరించి, రుచిని చప్పగా చేస్తాయి. మరుగు పాత్ర అడుగున తెల్లని పొర పేరుకొనే బోరు నీటితో ఎంత మంచి అరబికా అయినా మొద్దుబారినట్లుండేది ఇందువల్లనే. ఇందుకు విరుద్ధంగా, లవణాలను దాదాపు పూర్తిగా తొలగించిన ఆర్‌ఓ నీటితో కాఫీ పలుచగా, పుల్లగా అనిపించవచ్చు. మిషన్ భగీరథ ద్వారా వచ్చే శుద్ధిచేసిన ఉపరితల జలాలు కాఫీకి సాధారణంగా బోరు నీటికంటె అనుకూలం.

ఇక్కడ రుచిని మించిన విషయం ఒకటి ఉంది. నీటిని మరగించడం వల్ల తాత్కాలిక కాఠిన్యం తగ్గుతుంది గాని, ఫ్లోరైడ్ తగ్గదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత కొంత పెరుగుతుంది కూడా. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చు. మరిగించాము గదా అన్న ధీమాతో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని కాఫీకి, టీకి వాడడం సరికాదని గ్రామాలలో స్పష్టంగా చెప్పవలసి ఉంది.

డికాక్షన్: నిష్కర్షణ సూత్రం

వేయించిన కాఫీ పొడి బరువులో సుమారు 30 శాతం వరకు నీటిలో కరగగలదు. అదంతా కరగడం మంచిది కాదు. మొదట ఆమ్లాలు, లవణాలు, తేలికైన సువాసనలు కరుగుతాయి. తరువాత తీపినిచ్చేవి, చివరకు చేదు, వగరు పదార్థాలు ఎక్కువగా దిగుతాయి. 1950, 1960 దశకాలలో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ చేసిన కృషి ఆధారంగా, పొడి బరువులో 18 నుండి 22 శాతం కరిగినప్పుడు రుచి సమతుల్యంగా ఉంటుందన్న ప్రమాణం స్థిరపడింది. ఉదాహరణకు 55 గ్రాముల పొడికి ఒక లీటరు నీరు పోసి 20 శాతం రాబట్టితే 11 గ్రాములు కరుగుతుంది. పొడి తన బరువుకు రెట్టింపు, అంటే 110 మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. మిగిలిన 890 మిల్లీలీటర్లలో కరిగిన పదార్థం సుమారు 1.24 శాతం. బ్లాక్ కాఫీకి ఇది తగిన గాఢత.

దక్షిణాది ఫిల్టరు లక్ష్యం వేరు. పాలలో కలిపినా రుచి నిలవాలి కనుక తక్కువ నీటితో చిక్కని డికాక్షన్ తీస్తారు. 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీరు పోస్తే, పొడి 60 మిల్లీలీటర్లు పట్టి ఉంచుకోగా, సుమారు 90 మిల్లీలీటర్లు దిగుతుంది. కప్పుకు 30 మిల్లీలీటర్ల చొప్పున ఇది మూడు కప్పులకు సరిపోతుంది. నీరు తక్కువ కావడం వల్ల పొడిలో ఇంకా కరగగలిగినది కొంత మిగులుతుంది. రెండవసారి పోసిన నీటికి రంగు రావడానికి కారణమదే. కాని, సువాసనలో అధికభాగం మొదటి డికాక్షన్‌లోనే వెళ్ళిపోతుంది. రెండవదానిలో చేదే ముందుంటుంది. పొదుపు కోసం దానిని వాడుకోవచ్చు గాని, మొదటిదానిలో కలిపితే రెండూ చెడతాయి.

తయారీ క్రమం ఇలా ఉండాలి. ఫిల్టరును వేడి నీటితో కడిగి తుడవాలి. పై గిన్నెలో పొడి వేసి, తట్టి చదును చేసి, పైన రంధ్రాల బిళ్ళను తేలికగా అదమాలి. నీరు తెర్లిన తరువాత పొయ్యి ఆపి అర నిమిషం నుండి ఒక నిమిషం ఆగితే ఉష్ణోగ్రత 92 నుండి 96 డిగ్రీల మధ్యకు వస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక అక్కడ ఆగవలసిన పని లేదు. ముందుగా పొడి తడిసేంత నీరు మాత్రమే పోసి అర నిమిషం ఆగాలి. అప్పుడు పొంగే నురుగు పొడిలో మిగిలి ఉన్న కార్బన్ డై ఆక్సైడ్‌కు, అంటే తాజాదనానికి, గుర్తు. తరువాత మిగిలిన నీరు పోసి మూత పెట్టాలి. 10 నుండి 15 నిమిషాలలో డికాక్షన్ దిగాలి.

దిగిన డికాక్షన్‌ను పొయ్యి మీద మళ్ళీ మరగించరాదు. వేడిపై ఉంచిన కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. చేదు, పులుపు ఎక్కువవుతాయి. పాలను విడిగా కాచి, వేడి పాలలో డికాక్షన్ కలపాలి. మిగిలినదాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మరుసటి ఉదయానికి వాడుకోవచ్చు.

లోపాలు, కారణాలు

• డికాక్షన్ త్వరగా దిగి, పలుచగా, పుల్లగా ఉంటే: పొడి మరీ బరకగా ఉంది, లేదా బిళ్ళను అదమలేదు, లేదా నీరు చల్లారింది.
• చుక్కచుక్కగా దిగుతూ, చేదుగా, నాలుకకు పట్టేలా వగరుగా ఉంటే: పొడి మరీ మెత్తగా ఉంది, లేదా గట్టిగా అదిమారు.
• రంగు బాగున్నా వాసన లేకపోతే: పొడి పాతది. తయారీలో ఏ మార్పూ దీనిని సరిచేయలేదు.
• తాజా పొడి అయినా రుచి చప్పగా ఉంటే: నీటి కాఠిన్యాన్ని పరీక్షించాలి.
• ముక్కిన వాసన వస్తే: డబ్బాను, ఫిల్టరు రంధ్రాలను పట్టిన పాత నూనెను వేడినీటితో, సబ్బుతో కడగాలి.

చికోరి, పాలు: దాచిపెట్టే గుణం

చికోరి ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. అందులో కెఫీన్ లేదు. రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. భారతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ–చికోరి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. రెండింటి శాతాలను ప్యాకెట్టుపై ముద్రించాలి. చికోరి ఇష్టపడడం అభిరుచికి సంబంధించినది, దోషం కాదు. అయితే కిలో ధరను పోల్చేటప్పుడు కాఫీ ఎంత శాతమో చూడాలి. 60 శాతం కాఫీ ఉన్న కిలో మిశ్రమంలో చేతికి వచ్చే కాఫీ 600 గ్రాములే.

చికోరి, పాలు, చక్కెర కలిసినప్పుడు పొడి పాతదనం చాలావరకు మరుగున పడుతుంది. పాలలోని ప్రొటీన్లు వగరును తగ్గిస్తాయి. చక్కెర చేదును కప్పుతుంది. అందువల్ల వినియోగదారుడు తాజా పొడికి, పాత పొడికి తేడా తెలియకుండానే సంవత్సరాలు గడపగలడు. నాణ్యతకు ధర చెల్లించే అలవాటు పెరగకపోవడానికి ఇదొక కారణం.

విస్తరణలో ప్రదర్శన పద్ధతి

తేడాను ఉపన్యాసంతో కంటె రుచితో చూపడం సులభం. మాల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలలో, గృహవిజ్ఞాన శిక్షణలలో త్రికోణ పరీక్షను నిర్వహించవచ్చు. ఒకే తేదీన వేయించిన పొడిని రెండు భాగాలు చేసి, ఒకదానిని గాలి చొరకుండా మూసి, మరొకదానిని వదులు మూతతో మూడు వారాలు వంటగదిలో ఉంచాలి. తరువాత ఒకే నీటితో, ఒకే కొలతతో, పాలు కలపకుండా కాఫీ తయారు చేయాలి. ప్రతి వ్యక్తికి మూడు కప్పులు ఇవ్వాలి. రెండు ఒకే రకం, ఒకటి వేరు. ఏది వేరో చెప్పమని అడగాలి. కప్పుల వరుసను వ్యక్తి వ్యక్తికీ మార్చాలి. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు మంది సరిగా చెప్పగలరు. 24 మందిలో 8 మంది సరిగా చెప్పడం కాకతాళీయమే. 13 మంది లేదా అంతకంటె ఎక్కువ మంది సరిగా చెప్పితేనే 5 శాతం సార్థకతా స్థాయిలో తేడా నిజమని భావించాలి. ఖర్చు లేని ఈ ప్రయోగం విద్యార్థులకు ఇంద్రియ మూల్యాంకనంలో తొలి పాఠంగా కూడా ఉపకరిస్తుంది.

ముగింపు

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. మాల్యాలలోని జె.వి.ఆర్. ఉద్యాన పరిశోధన స్థానం ఆ కృషిలో పాలుపంచుకుంది. తక్కువ కారం, గాఢమైన ఎరుపు రంగు చపాటా ప్రత్యేకతలు. ఆ రంగునిచ్చే కెరోటినాయిడ్లు కూడా ఆక్సిజన్‌కు, వెలుతురుకు లొంగిపోయేవే. పొడి చేసిన మిరప, పొడి చేసిన కాఫీ వలెనే వేగంగా పాతబడుతుంది. పారదర్శకమైన సంచిలో, ఎండ తగిలే దుకాణపు అరలో నెలల పాటు ఉన్న చపాటా కారానికి, మామూలు కారానికి తేడా కనిపించకపోతే, గుర్తింపు వల్ల రైతుకు దక్కేది కాగితమే. అరకు కాఫీ నుండి ఈ జిల్లా నేర్చుకోవలసిన పాఠం ఇది. భౌగోళిక గుర్తింపు పంట పుట్టిన చోటును మాత్రమే కాపాడగలదు. నాణ్యతను కాపాడవలసింది ప్యాకెట్టు, డబ్బా, వంటింటి అలవాటు. వేయించిన లేదా పొడి చేసిన తేదీని ప్యాకెట్టుపై ముద్రించడం, చిన్న ప్యాకెట్లను ప్రోత్సహించడం, నిల్వ పద్ధతిని తెలుగులో నాలుగు వాక్యాలలో ప్యాకెట్టు వెనుక అచ్చువేయడం రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు వెంటనే చేయగలిగిన పనులు. ఆ నాలుగు వాక్యాలను రాసి ఇవ్వవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలది.